మంచినీళ్ళక్క అడగని మాట

ఎవరి గుమ్మం తొక్కినా ఆమె మొదట అడిగేది మంచినీళ్ళు. దాహమేసి కాదు సుమా! ఆమె దాహానికి సరిపడా నీళ్ళు ఆమె భుజాన వేలాడే సంచిలోనే ఉండేవి. ఇచ్చిన గ్లాసు అందుకుని, పెదవికి తాకించినట్టు చేసి, పక్కన పెట్టేసేది. ఒక్క గుక్క మింగేది కాదు. పొద్దస్తమానం ఇళ్ళ వెంట తిరిగే మనిషి అందరి నీళ్ళూ తాగితే ఏమైపోవాలి? అలా ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె మంచినీళ్ళక్క అయిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆమె పని చేసేది అప్పులిచ్చే కంపెనీలో. ఫ్రిజ్జు, టీవీ, ఫోను, వాషింగ్ మెషీను, ఏది కావాలన్నా షాపులో కొంచెం కట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు, మిగతాది నెలనెలా వాయిదాల్లో తీర్చుకోవచ్చు. ఆ మిగతాది షాపువాడికి ముందే కట్టేది ఈ కంపెనీ. మరి ఫ్రిజ్జుతో సహా మనిషి మాయమైపోతే? అందుకే అప్పు మంజూరు చేసే ముందు మంచినీళ్ళక్క వెళ్ళి ఇల్లు చూసి రావాలి. చెప్పిన చిరునామాలో ఆ మనిషి నిజంగా కాపురం ఉంటున్నాడా, లేక ఎవరి కొంపనో చూపించి చెవిలో పువ్వు పెడుతున్నాడా, తేల్చుకురావాలి.

ఈ విద్య ఆమెకు నేర్పింది కంపెనీ పెట్టిన పెద్దాయనే. అప్పట్లో కంపెనీ అంటే మెట్ల కింద ఒక గది, ఒక బల్ల, ఆయన. కొత్తగా చేరిన ఆమెను వెంటబెట్టుకుని నాలుగిళ్ళు తిప్పాడు.

"చూడమ్మాయ్, కూర్చోగానే మంచినీళ్ళడుగు. సొంత కొంపలో మనిషి గ్లాసు కోసం వెతుక్కోడు. మాట్లాడుతూనే వెళ్తాడు, మాట్లాడుతూనే తెస్తాడు. దొంగ కొంపలో చూడు, ఆ తలుపు తీస్తాడు, ఈ తలుపు తీస్తాడు, ఆఖరికి ఎక్కడో దొరుకుతుంది."

"అయితే వెతుక్కుంటే దొంగేనా సార్?"

"అక్కడే ఆగిపోకు. చూసింది సగమే. మిగతా సగం నోరు తెరిచి అడుగు. కొత్తగా దిగి ఉండొచ్చు, ఇల్లాలు ఊరెళ్ళి ఉండొచ్చు. మొహం మీదే అడిగెయ్. అడక్కుండా ఎవర్నీ కాదనకు."

ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఎంతటివాడినైనా నిలబెట్టి అడిగేసేది. "ఏవండీ, మీ ఇంట్లో గ్లాసు మీకే దొరకలేదేం?" అని ఆమె అడిగితే మొహమాటానికి నీళ్ళు నమిలినవాళ్ళు, కోపంతో లేచినవాళ్ళు, అక్కడికక్కడే నిజం కక్కేసినవాళ్ళు ఎంతమందో. ఏళ్ళు గడిచేసరికి అనుమానం ఆమె రక్తంలో కలిసిపోయింది. కట్టుకున్న మొగుణ్ణి కూడా వదల్లేదు. ఆయన దర్జీ, ఇంటి ముందు గదిలోనే మిషను. "నేను ఇంట్లోనే ఉంటే కూడా ఎక్కడికెళ్ళావని అడుగుతుందయ్యా ఈవిడ," అని బట్టలిచ్చిన వాళ్ళ దగ్గరల్లా నవ్వేవాడు.

ఇన్ని వేల ఇళ్ళు చూసిన మనిషికి సొంత ఇల్లు లేదు. అద్దెకుంటున్న రెండు గదులూ, ముందు దర్జీ గదీ, మొత్తం అమ్మేస్తానంది ఇంటావిడ. "ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. నెలాఖరు దాకా చూస్తాను, తర్వాత నన్ననకండి," అంది. మొగుడూ పెళ్ళాలు కడుపు కట్టుకుని దాచింది దానికి సరిగ్గా సరిపోతుంది. అంతకు పైన పైసా లేదు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన మీటింగు పెట్టాడు.

ఇప్పుడు కంపెనీ మెట్ల కింద లేదు. మూడంతస్తుల మేడలో రెండంతస్తులు దానివే. అందర్నీ పెద్ద హాల్లోకి పిలిచి, తెల్ల బోర్డు పక్కన నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"మన దగ్గరకి అప్పుకోసం వచ్చేవాళ్ళలో సగం మందిని ఉత్త చేతులతో పంపేస్తున్నాం. ఎందుకో తెలుసా? ఇవ్వడానికి మన దగ్గర లేదు. మనం ఇచ్చేదంతా మన డబ్బా? బ్యాంకులు మనకిస్తే మనం జనానికిస్తున్నాం. బ్యాంకులేమో, నీ సొంతం ఒక వంతు చూపించు, మేం నాలుగు వంతులిస్తాం అంటాయి. నా దగ్గరున్న ఒక వంతూ అయిపోయింది. అది పెరిగితేనే మనం పెరుగుతాం."

"ఆ వంతు కూడా ఎక్కడైనా అప్పు తెద్దాం సార్," అన్నాడు క్యాషియరు. ఏ మాటకైనా ముందు గొణిగి తర్వాత ఆలోచించే రకం.

"అప్పు తెస్తే అప్పే అవుతుందయ్యా, సొంతం ఎలా అవుతుంది? కంపెనీలో వాటా అమ్మాలి. వాటా కొన్నవాడు వడ్డీ అడగడు, అసలూ తిరిగిమ్మనడు. లాభమొస్తే పంచుకుంటాడు, మునిగితే మనతో పాటే మునుగుతాడు."

"అంత మంచివాళ్ళెవరు సార్?"

"ఫండువాళ్ళని ఉన్నారు, ఇదే వాళ్ళ వ్యాపారం. కానీ వాళ్ళు ఊరికే రావడం లేదు. నేను నా జేబులోంచి కొత్తగా కొంత పెట్టాలన్నారు, పెడుతున్నాను. మీకోసం కొంత వాటా విడిగా ఉంచమన్నాను, ఒప్పుకున్నారు. నాదీ మీదీ కలిసి సగానికి పైన ఉంటే కంపెనీ మన చేతుల్లోనే ఉంటుంది. మీరు వద్దనుకున్నది వాళ్ళే కొనేస్తారు. అప్పుడు పగ్గాలు వాళ్ళవి. నెలాఖరు లోపల చెప్పండి."

హాల్లో గుసగుసలు లేచాయి. మంచినీళ్ళక్క మాత్రం ఆయన చేతులవైపు చూస్తోంది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన బోర్డు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. బోర్డు మీద ఒక్క ముక్కా రాయలేదు.

"అంతా బాగానే ఉంది గానీ," అంది ఆ సాయంత్రం మొగుడితో, "లాభాలొచ్చే కంపెనీకి మన చిల్లర ఎందుకయ్యా? అంతంత పెద్దవాళ్ళు వస్తున్నప్పుడు?"

దర్జీ నోట్లో దారం తీసి, "పెద్దాయన అబద్ధమాడే మనిషి కాదే. మెట్ల కింద గది నుంచి చూస్తున్నావు కదా," అన్నాడు.

"మెట్ల కింద ఉన్నప్పుడు మన డబ్బు అడగలేదు కదా! ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు?"

"అయితే ఇల్లు కొందాం."

"అలా తేల్చేస్తే ఎలా? ఆయన వల్లే కదా ఇన్నాళ్ళు ఈ పొయ్యి వెలిగింది."

"మరి వాటా కొందాం."

"నీకు బుద్ధుందా! ఇల్లు పోతుంది."

దర్జీ దండం పెట్టి మళ్ళీ మిషను తొక్కుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆమె మనసు వాటా వైపే మొగ్గుతోంది. పెద్దాయన మాట మీద ఆమెకు ఉన్న గురి అలాంటిది. కానీ అనుమానం ఊరుకుంటుందా? ఒక్కసారి కాగితాలు కళ్ళతో చూసి తేల్చుకుందామనుకుంది. మర్నాడు పెద్దాయనే పిలిచాడు. "నువ్వు తీసుకుంటే మిగతావాళ్ళూ తీసుకుంటారమ్మాయ్. నీ అనుమానం దాటింది ఎవరి అనుమానమైనా దాటుతుంది. రేపు ఇంటికి రా, అన్నీ చూపిస్తాను. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ప్రస్తుతం వేరే చోట ఉంటున్నాను," అని చిరునామా చెప్పాడు.

అది అపార్టుమెంటులో నాలుగో అంతస్తు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కొత్తది, దుకాణం మడత కూడా విప్పుకోలేదు. ఒక్క జత చెప్పులు, అవీ మగవాళ్ళవి. లోపల సోఫా, బల్ల, టీవీ అన్నీ ఉన్నాయి గానీ ఏదీ ఆయనది కాదు. గోడ మీద ఎవరివో కొండల బొమ్మలు. బాల్కనీలో దండెం మీద ఒక్క చొక్కా. ఇల్లాలి జాడ లేదు. ఆమె కళ్ళు వద్దన్నా వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

కూర్చుంది. నోటికి అలవాటైన మాట, ఆమె అనుమతి లేకుండానే బయటికొచ్చేసింది.

"కాస్త మంచినీళ్ళిస్తారా సార్?"

పెద్దాయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఒక తలుపు చప్పుడైంది. మూసుకుంది. ఇంకో తలుపు. పళ్ళాలు ఖంగుమన్నాయి. ఇంకో తలుపు. ఆమె గుండె ఒక్కో తలుపుకీ ఒక్కో మెట్టు దిగింది. ఆఖరికి ఆయన కాఫీ కప్పులో నీళ్ళు పోసుకుని తెచ్చాడు.

"గ్లాసులు... ఎక్కడ పెట్టారో," అన్నాడు.

అప్పుడు అడగాలి. ఎంతమందిని అడగలేదు! "సార్, ఇక్కడ మీరు కాపురం ఉండటం లేదు. సంగతేంటి?" అని ఒక్క మాట అనేస్తే ఎంత పోయేది? కానీ ఎదురుగా ఉన్నది అన్నం పెట్టిన మనిషాయె. ఆ విద్య నేర్పిన మనిషాయె. గొంతుదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆయన కాగితాలు తిప్పుతూ ఏదో చెప్పాడు, ఆమె తలూపింది. కప్పు పెదవికి తాకించి బల్ల మీద పెట్టి, వచ్చేసింది.

తిన్నగా ఇంటికి పోతే బాగుండేది. పోలేదు. దారి మళ్ళించుకుని పెద్దాయన పాత ఇంటి వీధిలోకి వెళ్ళింది. రంగులూ లేవు, రంగులేసేవాళ్ళూ లేరు. గేటు ముందు లారీ. ఎవరో ముక్కూ మొహం తెలియని కుటుంబం సామాను దించుకుంటోంది. "కొత్తగా దిగారా?" అని అడిగితే, "కొనుక్కున్నామండీ," అంది ఆ ఇల్లాలు సంతోషంగా.

అయిపోయింది. ఇంకేం కావాలి? ఇల్లు అమ్మేశాడు, పెళ్ళాన్ని ముందే పంపేశాడు, అద్దె కొంపలో చొక్కా ఆరేసుకుని కూర్చున్నాడు, జనం దగ్గర నెలాఖరులోపల డబ్బు పోగు చేస్తున్నాడు. ఇలాంటివాళ్ళని ఆమె ఎంతమందిని చూడలేదు? కంచే చేను మేస్తే ఇక చెప్పుకునేదెవరికి? ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు. ఏడుపు కూడా వచ్చింది, కోపంతో.

ఆమె చాడీలు చెప్పే మనిషి కాదు. మర్నాడు క్యాషియరే వచ్చి అడిగాడు.

"అక్కా, నువ్వు పెద్దాయన ఇంటికెళ్ళొచ్చావట కదా. ఏమంటావు? మా ఆవిడ గాజులు అమ్మి పెడదామనుకుంటున్నాను."

"నేనేం అనను తమ్ముడూ."

"నువ్వేం అనకపోతేనే భయం వేస్తోంది."

ఆమె ఫైలు మూసింది. "ఆ ఇంట్లో కాపురం లేదు," అంది. అంతే. మరొక్క ముక్క చెప్పలేదు.

చాలదా? ఈ ఆఫీసులో ఆ మాటకు ఒకటే అర్థం. ఆ మాట పడితే అప్పు రాదు, అంతే. మధ్యాహ్నం భోజనాల వేళకు అది పై అంతస్తుకి ఎక్కింది, సాయంత్రానికి మెట్లు దిగి వాచ్‌మన్‌ దాకా చేరింది. నెలాఖరుకి ఉద్యోగుల్లో ఒక్కరంటే ఒక్కరు వాటా తీసుకోలేదు. మంచినీళ్ళక్క ఇంటావిడకి డబ్బు కట్టేసి, ఇల్లు మొగుడి పేర రాయించుకుంది.

ఆ రోజుల్లోనే ఒకసారి మెట్ల మీద పెద్దాయన ఎదురుపడ్డాడు. ఆగాడు. "ఆ రోజు నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయావమ్మాయ్," అన్నాడు. నవ్వాడనుకుంటా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకుని, ఆమె తల దించుకుని దాటిపోయింది.

ఆయన పారిపోతాడని ఆమె రోజూ ఎదురుచూసింది. పొద్దున్నే ఆఫీసుకొచ్చి ముందు ఆయన గది తలుపు చూసేది. రోజూ తెరిచే ఉండేది. రోజూ ఆయన లోపలే ఉండేవాడు.

తర్వాతి నెల ఫండువాళ్ళు వచ్చారు. వాళ్ళ తరఫున ఒక అమ్మాయి, చక్కగా నవ్వుతూ మాట్లాడే పిల్ల, అదే హాల్లో అదే బోర్డు పక్కన నిలబడింది. పెద్దాయన ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు.

"మేం డబ్బు పెట్టే ముందు అన్నీ తవ్వి చూస్తాం," అంది ఆ అమ్మాయి. "మీ కంపెనీలో మమ్మల్ని ఒప్పించింది ఒక్కటే. మీ పెద్దాయన వంతు పెట్టమంటే, చేతిలో లేదని వెనక్కి తగ్గలేదు. ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి ఆ డబ్బంతా తెచ్చి ఇందులో పెట్టారు. వాళ్ళావిడ చెల్లెలింట్లో సర్దుకున్నారు. ఇంత నమ్మకం మేం ఎక్కడా చూడలేదు. మీరు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అదొక్కటే మాకు అర్థం కాలేదు. సరే, ఆ వాటా కూడా మేమే తీసుకున్నాం."

చప్పట్లు కొట్టారెవరో. క్యాషియరు మెల్లగా తల తిప్పి మంచినీళ్ళక్క వైపు చూశాడు. అతనొక్కడే కాదు. ఆమెకు నేల కనిపించలేదు, గోడ కనిపించలేదు, ముందు వరసలో ఆ నెరిసిన తల ఒక్కటే కనిపించింది. అది వెనక్కి తిరగలేదు.

చూసిందంతా నిజమే! కొత్త పట్టా నిజం, ఒక్క చొక్కా నిజం, గ్లాసు దొరకకపోవడం నిజం, ఇల్లు అమ్మడమూ నిజం. కలిపి కుట్టుకున్న అర్థం ఒక్కటే తలకిందులు. తాడుని పాము అనుకున్నా బాగుండేది, ఎవరికీ నష్టం ఉండేది కాదు.

సగానికి పైన వాటా ఫండువాళ్ళదయ్యాక ఏం జరగాలో అదే జరిగింది. కంపెనీ పెరిగింది, అందులో అబద్ధం లేదు. మూడో అంతస్తూ తీసుకున్నారు, వేరే ఊళ్ళలో ఆఫీసులు తెరిచారు. ఏడాది తిరక్కుండానే పెద్దాయన్ని శాలువా కప్పి, గౌరవంగా ఇంటికి పంపారు. ఆయన వాటా ఆయనకే ఉంది గానీ, కొన్నేళ్ళ దాకా అమ్మకూడదని ఒప్పందం. అంటే కాగితం మీద శ్రీమంతుడు, చేతిలో చిల్లర లేదు. ఆ సన్మానానికి మంచినీళ్ళక్క వెళ్ళలేదు. తలనొప్పి అని ఇంట్లో పడుకుంది. దర్జీ ఏమీ అడగలేదు. అడక్కపోవడమే ఆమెకు ఇంకా కష్టంగా తోచింది.

క్షమాపణ అడగాలని చాలాసార్లు అనుకుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

ఇప్పుడు ఇళ్ళు చూసే పని కూడా తగ్గిపోయింది. ఎవరికి అప్పివ్వాలో ఫోన్లే తేలుస్తున్నాయి. జీతం లేనివాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, ఫోనుకి కొరుకుడుపడనివాళ్ళు కొందరు మిగిలితే, వాళ్ళ చిరునామాలు మాత్రం ఆమెకొస్తాయి. అలా వచ్చింది ఒకటి. చిన్న ఫ్రిజ్జు. జీతం లేదు. పేరు చూసి ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది.

వెళ్ళకుండా ఉండొచ్చు. వేరేవాళ్ళకి ఇచ్చేయొచ్చు. కానీ లేచి వెళ్ళింది.

సందు చివర కింది వాటా, ఒకటే గది, పక్కన వంటిల్లు. గుమ్మంలో రెండు జతల చెప్పులు. దండెం మీద చీర, పంచె, తువ్వాలు. తలుపు తీసిన పెద్దాయన ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు.

"నువ్వే వస్తావనుకున్నానమ్మాయ్. కూర్చో. మా ఆవిడ లోపల పడుకుంది. దాని ఇంజెక్షన్ మందు చల్లగా ఉండాలట, పక్కింటివాళ్ళ ఫ్రిజ్జులో ఎన్నాళ్ళు పెడతాం? షాపువాడు మన కంపెనీకే రాశాడు. మన కంపెనీ అంటున్నాను చూడు!"

ఆమె కూర్చుంది. ఆయన కాసేపు చూశాడు.

"అడగవేం?"

"ఏంటి సార్?"

"మంచినీళ్ళు."

ఆమె కళ్ళు నిండిపోయాయి. ఆయన మాట్లాడుతూనే లేచాడు, మాట్లాడుతూనే లోపలికి వెళ్ళాడు. వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తోందని చెబుతూనే నిండు గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. ఏ తలుపూ చప్పుడవలేదు.

"ఈసారి వెతుక్కోలేదు," అన్నాడు.

"సార్, ఆ రోజు... మీరెందుకు చెప్పలేదు సార్?" అంది ఆమె. "ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఏమని చెప్పను? యజమాని ఇల్లమ్ముకున్నాడంటే ఉద్యోగులు డబ్బు పెడతారా? అందుకే రంగులని బొంకాను. నువ్వు నీళ్ళడగ్గానే దొరికిపోయానని తెలిసింది. ఇప్పుడు అడుగుతుంది, అడిగితే చెప్పేద్దాం అనుకున్నాను. నువ్వు అడుగుతావని కూర్చున్నాను. కప్పు పెట్టేసి లేచిపోయావు." ఆయన గొంతులో కోపం ఉంది. చాలా రోజుల నుంచి ఉన్న కోపం. "దారిన పోయేవాడిని కూడా నిలబెట్టి అడుగుతావు. నన్నొక్కడినే అడక్కుండా కాదన్నావు అమ్మాయ్."

ఆమె గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. అడుగుదాకా తాగింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసింది. ఇల్లు చూశారా, చూశాను. కాపురం ఉందా, ఉంది. జీతం లేదు కాబట్టి సొంత ఇల్లున్నవాళ్ళు ఒకరు హామీ ఉండాలంది ఫోను. ఆమె అక్కడినుంచే మొగుడికి ఫోను కలిపింది.

"ఏమయ్యా, ఒకళ్ళకి హామీ ఉండాలి, నీ పేరు రాస్తున్నాను."

అవతల మిషను ఆగింది. "నువ్వేనా మాట్లాడేది? పుట్టి బుద్ధెరిగి నువ్వు ఒకళ్ళకి పూచీ పడటం నేను చూడలేదు. ఎవరికే?"

"పెద్దాయనకి."

"రాయి," అన్నాడు దర్జీ.

"వద్దమ్మా, మీ ఇల్లు..." అంటున్నాడు పెద్దాయన. ఆమె వినిపించుకోలేదు. హామీదారుకి సొంత ఇల్లు ఉందా అని అడుగుతోంది ఫోను. ఆ ఇల్లు ఏ నెలలో, ఏ డబ్బుతో, ఎవరిని కాదని కొన్నదో ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. 'ఉంది' అన్నచోట వేలు పెట్టి, ఆమె నొక్కింది.